‘వేడి’ ప్లగ్గు, ‘చల్లని’ ప్లగ్గు: టర్బో పెట్రోలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఎంపిక – నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత వ్యవహార నేపథ్యం

వ్యాససంగ్రహం:

టర్బో పెట్రోలు కార్లు నేడు రాయలసీమ పట్టణాలలోనూ సాధారణమయ్యాయి. వాటి స్పార్క్ ప్లగ్గులు మార్చవలసి వచ్చినప్పుడు కారు యజమాని, మెకానిక్కు, విడిభాగాల దుకాణదారు ముగ్గురూ కొన్ని మాటల మీద ఆధారపడి నిర్ణయం తీసుకొంటారు. ఆ మాటలలో ‘వేడి ప్లగ్గు’, ‘చల్లని ప్లగ్గు’ అనేవి కీలకమైనవి. అపార్థానికి ఎక్కువగా తావిచ్చేవీ అవే. పేరులోని విశేషణాన్ని బట్టి అర్థం చేసుకొంటే ఎంపిక తప్పుతుంది. ఆ తప్పు ఇంజను మీద పడుతుంది. స్పార్క్ ప్లగ్ ఎంపికను నిర్ణయించే ఉష్ణశ్రేణి, గ్యాపు, లోహం, కొలత అనే నాలుగు అంశాలను వివరించడం, నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతపు దారులకు, వాతావరణానికి వాటిని అన్వయించడం, ఆ భావనలకు తెలుగులో పనికివచ్చే పేర్లను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్పార్క్ ప్లగ్, టర్బో ఇంజను, ఉష్ణశ్రేణి, గ్యాపు, వృత్తిపదజాలం, నంద్యాల, ఆళ్లగడ్డ.

1. ఉపోద్ఘాతం:

కర్నూలు నుండి కడప వైపు సాగే 40వ జాతీయ రహదారి మీద నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు ఉన్నాయి. రెండింటి నడుమ దూరం సుమారు 40 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఈ ప్రాంతంలో ‘టర్బో’ అన్నమాట కొత్తది కాదు. లారీలు, జీపులు, ట్రాక్టర్ల ద్వారా అది చాలాకాలంగా వ్యవహారంలో ఉంది. అయితే ఆ టర్బోలన్నీ డీజిల్ ఇంజనులవి. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకొంటుంది. షెడ్లలో ‘హీటర్ ప్లగ్గు’ అని పిలిచేది చల్లటి ఇంజను మొదలయ్యేటప్పుడు సిలిండర్‌ను వెచ్చబరిచే సాధనం. అది నిప్పురవ్వను పుట్టించదు. కాబట్టి ‘టర్బో బండికి ప్లగ్గు’ అన్నప్పుడు ముందుగా తేలవలసింది ఆ బండి పెట్రోలుదా, డీజిల్‌దా అన్నది.

టర్బో పెట్రోలు కారు మన ప్రాంతానికి విస్తృతంగా చేరింది గడచిన దశాబ్దంలోనే. 2017లో విడుదలైన టాటా నెక్సాన్‌లో 1.2 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను వచ్చింది. 2019లో హ్యుందాయ్ వెన్యూ 1.0 లీటరు టర్బోతో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో రాయలసీమలోని పెనుకొండ సమీపాన ఉన్న కియా కర్మాగారం నుండి సెల్టోస్ వెలువడింది, దానిలో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను ఒక ఎంపిక. 2020లో సోనెట్ 1.0 లీటరు టర్బోతో వచ్చింది. టర్బో పెట్రోలు కారు రాయలసీమలో కొనుక్కునేది మాత్రమే కాదు, తయారయ్యేది కూడా. అయినా దాని గురించి తెలుగులో చదివి తెలుసుకోదగిన వివరణ మాత్రం అరుదు. ఈ కొరత వల్ల నిర్ణయాలు వినికిడి మీద ఆధారపడి జరుగుతున్నాయి.

2. స్పార్క్ ప్లగ్, టర్బో – మౌలిక పరిచయం:

1860లో ఎటియెన్ లెన్వా నిర్మించిన గ్యాస్ ఇంజనులోనే విద్యుత్ నిప్పురవ్వతో ఇంధనాన్ని అంటించే పద్ధతి కనిపిస్తుంది. 1902లో బాష్ సంస్థలో గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్‌ను రూపొందించడంతో అది మోటారు వాహనాలకు ఆచరణయోగ్యమైంది. టర్బోచార్జర్‌కు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు పొందాడు. టర్బో ఉన్న పెట్రోలు కార్లు 1962లో అమెరికా విపణిలోకి వచ్చాయి.

స్పార్క్ ప్లగ్‌లో ప్రధాన భాగాలు నాలుగు. మధ్యలో ఒక లోహపు కడ్డీ. దాని చుట్టూ విద్యుత్తును బయటికి పోనివ్వని పింగాణీ. ఆ పింగాణీని పట్టి ఉంచే, మరలున్న లోహపు తొడుగు. తొడుగు అంచు నుండి వంగి మధ్య కడ్డీకి ఎదురుగా నిలిచే పక్క కడ్డీ. మధ్య కడ్డీ కొనకూ పక్క కడ్డీకీ ఉన్న సందునే గ్యాపు అంటారు. ఇగ్నిషన్ కాయిల్ నుండి వచ్చే వేల వోల్టుల విద్యుత్తు ఆ సందును దాటేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది.

టర్బోచార్జర్ ఇంజను నుండి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి జతపడిన మరొక చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. అదే పరిమాణం గల సిలిండర్‌లో ఎక్కువ గాలి, దానికి తగినంత ఎక్కువ పెట్రోలు మండుతాయి. దీనివల్ల ప్లగ్ మీద రెండు భారాలు పడతాయి. మొదటిది వేడి: ప్రతి మంటలోనూ ఎక్కువ ఇంధనం మండుతుంది కనుక ప్లగ్ కొన ఎక్కువ వేడిని భరించాలి. రెండవది పీడనం: నిప్పురవ్వ దాటవలసిన గాలి మరింత చిక్కగా ఉంటుంది. ప్లగ్ ఎంపికలోని సూత్రాలన్నీ ఈ రెండు భారాల నుండే పుట్టాయి.

3. ఉష్ణశ్రేణి – పేరుకూ పనికీ ఉన్న అంతరం:

3.1 వేడిని పుట్టించేది కాదు, పంపించేది:

‘వేడి ప్లగ్గు’ అంటే వేడి ఎక్కువగా ఉన్న నిప్పురవ్వను ఇచ్చేదనీ, ‘చల్లని ప్లగ్గు’ అంటే ఇంజనును చల్లబరిచేదనీ భావించడం కద్దు. రెండూ సరికావు. ఈ విశేషణాలు నిప్పురవ్వకు చెందినవి కావు. ప్లగ్ కొన తన మీద పడిన వేడిని ఎంత త్వరగా వదిలించుకొంటుందో చెప్పేవి.

మంటకు ఎదురుగా ఉండే పింగాణీ భాగాన్ని ముక్కు అనుకొందాం. కొన మీద పడిన వేడి ఆ ముక్కు వెంబడి పైకి ప్రయాణించి, లోహపు తొడుగును చేరి, అక్కడి నుండి సిలిండర్ హెడ్డులోకి, చివరకు రేడియేటర్ నీటిలోకి పోతుంది. ముక్కు పొడవుగా ఉంటే ఆ ప్రయాణం దీర్ఘం. కొన వేడిని నిలుపుకొంటుంది. ముక్కు పొట్టిగా ఉంటే ప్రయాణం స్వల్పం. కొన వేడిని త్వరగా వదులుతుంది. మొదటిది ‘వేడి ప్లగ్గు’, రెండవది ‘చల్లని ప్లగ్గు’. వంటింటి ఉపమానంతో చెప్పాలంటే, పొయ్యి మీది బాణలిలో పొడవు కాడ ఉన్న ఇనుప గరిటె వేడి చేతికి ఆలస్యంగా చేరుతుంది. పొట్టి కాడ గరిటె వెంటనే చురుక్కుమనిపిస్తుంది. ఇక్కడ చేయి స్థానంలో సిలిండర్ హెడ్డు ఉందని గ్రహిస్తే చాలు.

3.2 రెండు హద్దుల నడుమ:

ప్లగ్ కొన ఉష్ణోగ్రతకు కింద ఒకటి, పైన ఒకటి హద్దులున్నాయి. కింది హద్దు సుమారు 450 నుండి 500 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి చేరితేనే కొన మీద పట్టిన మసి కాలిపోయి ప్లగ్ తనను తాను శుభ్రం చేసుకొంటుంది. చేరకపోతే మసి పేరుకొంటుంది. మసి విద్యుద్వాహకం, కరెంటు గ్యాపును దాటకుండా పింగాణీ ఉపరితలం వెంబడి జారిపోతుంది. దానినే మెకానిక్కులు ‘మిస్సింగ్’ అంటారు. పై హద్దు సుమారు 850 డిగ్రీలు. దాన్ని మించితే కొన నిప్పుకణికలా ఎర్రబడి, నిప్పురవ్వ రాకముందే ఇంధనాన్ని అంటిస్తుంది. దీన్ని ముందస్తు జ్వలనం అనవచ్చు. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి నెడుతుంది. పిస్టన్ తల కరిగి చిల్లుపడే ప్రమాదం ఇందులో ఉంది.

ముందస్తు జ్వలనాన్నీ ‘నాకింగ్’నూ వేరుగా చూడాలి. నాకింగ్‌లో నిప్పురవ్వ సకాలంలోనే వస్తుంది. మంట వ్యాపిస్తుండగా దూరాన మిగిలిన ఇంధనం పీడనానికి తాళలేక తనంతట తానే పేలుతుంది. మొదటిది నిప్పురవ్వకు ముందు, రెండవది తరువాత. నాకింగ్ తీవ్రమైతే ప్లగ్ కొన వేడెక్కి ముందస్తు జ్వలనానికి దారితీయవచ్చు. కనుక ఒకటి మరొకదానికి కారణం కావచ్చునే గాని రెండూ ఒకటి కావు.

టర్బో ఇంజనులో వేడి భారం ఎక్కువ కనుక అటువంటి టర్బో లేని ఇంజనుతో పోలిస్తే సాధారణంగా ఎక్కువ ‘చల్లని’ ప్లగ్, అంటే వేడిని త్వరగా వదిలే ప్లగ్ అవసరమవుతుంది. అయితే ఈ సర్దుబాటును ఇంజను రూపకర్త ముందే చేసి ఉంటాడు. కారు పుస్తకంలో పేర్కొన్న ప్లగ్ టర్బో భారాన్ని లెక్కలోకి తీసుకొన్నదే. దాని మీద మరొక మెట్టు చల్లదనం కోరడం చేసిన లెక్కనే మళ్ళీ చేయడమవుతుంది.

3.3 అంకెల తికమక:

ఉష్ణశ్రేణిని కంపెనీలు అంకెతో సూచిస్తాయి. ఎన్.జి.కె., డెన్సో ప్లగ్గులలో అంకె పెరిగే కొద్దీ ప్లగ్ ‘చల్లన’ అవుతుంది. బాష్, చాంపియన్ ప్లగ్గులలో అంకె పెరిగే కొద్దీ ‘వేడి’ అవుతుంది. ఒకే దిశలో సాగే ఎన్.జి.కె., డెన్సోల మధ్య కూడా అంకెలు ఒకటి కావు: ఎన్.జి.కె. 6కు డెన్సో 20, 7కు 22 సమానాలు. ఒక కంపెనీ ప్లగ్ దొరక్కపోతే మరో కంపెనీలో అదే అంకె అడగడం ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి తెలుస్తుంది. సమానమైన ప్లగ్‌ను అంకెను చూసి కాక, కంపెనీలు ప్రకటించే సరిపోలిక పట్టికను చూసి నిర్ణయించాలి.

ప్లగ్ మీది సంకేతం ఒక సమాసం వంటిది. విగ్రహవాక్యం చెప్పుకొంటే అర్థం విప్పారుతుంది. ఉదాహరణకు ఎన్.జి.కె. వారి ‘బి.కె.ఆర్.6.ఇ.ఐ.ఎక్స్-11’లో ‘బి’ 14 మి.మీ. మర వ్యాసాన్ని, ‘కె’ 16 మి.మీ. పానా పట్టే ఆరుపలకల కొలతను, ‘ఆర్’ రేడియో అంతరాయాన్ని తగ్గించే నిరోధకాన్ని, ‘6’ ఉష్ణశ్రేణిని, ‘ఇ’ 19 మి.మీ. మర పొడవును, ‘ఐ.ఎక్స్’ ఇరీడియం కొనను, ‘11’ 1.1 మి.మీ. గ్యాపును తెలియజేస్తాయి. ఇందులో ఒక్క అక్షరం మారినా వస్తువు మారుతుంది. దుకాణంలో కారు పేరు మాత్రమే చెప్పి ప్లగ్ తీసుకోకుండా ఈ సంకేతాన్ని పూర్తిగా రాసుకొని వెళ్ళడం మేలు.

4. గ్యాపు:

రెండు కడ్డీల నడుమ విద్యుత్తు దూకడానికి ఎంత వోల్టేజి కావాలన్నది ఆ సందు వెడల్పు, అందులోని వాయు పీడనం, ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడి ఉంటుందని 1889లో జర్మనీ భౌతికశాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ నిరూపించాడు. సిలిండర్‌లో ఉండే స్థితిగతులలో లబ్ధం పెరిగితే కావలసిన వోల్టేజి పెరుగుతుంది. టర్బో పీడనాన్ని పెంచింది. కాయిల్ ఇవ్వగల వోల్టేజికి పరిమితి ఉంది. ఇక తగ్గించగలిగింది సందునే. అందుకే టర్బో లేని ఇంజనులలో 1.0 నుండి 1.1 మి.మీ. గ్యాపు సాధారణం కాగా, టర్బో ఇంజనులలో 0.7 నుండి 0.8 మి.మీ. తరచుగా కనిపిస్తుంది.

గ్యాపు మరీ ఎక్కువైతే నిలకడ వేగంలో బాగానే నడిచిన కారు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి టర్బో పీడనం పెరిగిన క్షణంలో కుదుపులకు లోనవుతుంది. ‘బండి ఎత్తుకోవడం లేదు’ అనే ఫిర్యాదుకు ఇదొక కారణం. మరీ తక్కువైతే నిప్పురవ్వ చిన్నదై మంట మొలక బలహీనపడుతుంది. నిలిపి ఉంచిన కారు ఇంజను వణుకుతుంది. ప్లగ్ వాడే కొద్దీ కడ్డీల అంచులు అరిగి గ్యాపు దానంతటదే పెరుగుతుంది. పాత ప్లగ్గులు టర్బో కారును ముందుగా ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే.

5. లోహం:

ఎంపికలో మూడవ అంశం కడ్డీ కొన లోహం. నికెల్ మిశ్రమం, ప్లాటినం, ఇరీడియం ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. శుద్ధ లోహాలుగా చూస్తే నికెల్ 1455 డిగ్రీల వద్ద, ప్లాటినం 1768 డిగ్రీల వద్ద, ఇరీడియం సుమారు 2446 డిగ్రీల వద్ద కరుగుతాయి. నికెల్ కొన సాధారణంగా 2.5 మి.మీ. మందం ఉంటుంది. ఇరీడియం గట్టిదనం వల్ల దాన్ని 0.4 నుండి 0.6 మి.మీ. సన్నదనానికి తేవడం సాధ్యమైంది. కొన సన్ననైతే విద్యుత్ క్షేత్రం అక్కడ కేంద్రీకృతమై తక్కువ వోల్టేజికే నిప్పురవ్వ దూకుతుంది. పీడనం ఎక్కువైన టర్బో ఇంజనుకు ఇది ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. కొన అరుగుదల కూడా నెమ్మదిస్తుంది.

విపణిలో ‘కాపర్ ప్లగ్గు’ అనే పేరు వినిపిస్తుంది. ఇది కూడా పేరు తప్పుదారి పట్టించే సందర్భమే. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది. మంటకు ఎదురుగా నిలవదగిన లోహం కాదు. ఆ ప్లగ్‌లో రాగి లోపలి పోగుగా ఉండి వేడిని పైకి చేరవేస్తుంది. కొన నికెల్ మిశ్రమమే. ఇరీడియం ప్లగ్గులలోనూ లోపల రాగి ఉంటుంది. కనుక ‘కాపర్’ అన్నది ఆ ప్లగ్‌కు వ్యావర్తక ధర్మం కాదు. దాన్ని ‘నికెల్ ప్లగ్గు’ అనడమే సరి.

కారు పుస్తకం ఇరీడియం సూచించిన చోట నికెల్ వేయడం వల్ల ఇంజను వెంటనే చెడిపోదు. గ్యాపు త్వరగా పెరుగుతుంది. మార్చవలసిన గడువు తగ్గుతుంది. ఆ గడువును గుర్తుంచుకోకపోవడమే నష్టహేతువు. ఇరీడియం వేసినంత మాత్రాన శక్తి పెరుగుతుందన్న ప్రచారమూ నిలవదు. మంచి స్థితిలో ఉన్న ఇంజనులో అది ఇచ్చేది మన్నిక, నిలకడ.

6. కొలత, బిగింపు:

మర వ్యాసం, మర పొడవు, కూర్చునే అంచు తీరు అనేవి రాజీకి వీలులేని కొలతలు. మర పొడవు ఎక్కువైన ప్లగ్ పిస్టన్‌కు తగలవచ్చు. తక్కువైతే హెడ్డులోని ఖాళీ మరలలో మసి పేరుకొంటుంది. నిప్పురవ్వ సరైన చోట పుట్టదు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజనులలో పక్క కడ్డీ ఏ దిశలో నిలుస్తుందన్నది కూడా కొన్ని సంస్థలు పట్టించుకొంటాయి. సోనెట్, సెల్టోస్ టర్బోలలో ఈ నేరు చిమ్మకం ఉంది. 2017 నాటి నెక్సాన్ టర్బోలో పెట్రోలు సిలిండర్ ముందున్న గాలి మార్గంలోనే కలుస్తుంది. రెండూ టర్బోలే అయినా వాటి ప్లగ్గులు పరస్పరం మార్చుకోదగినవి కావు.

హెడ్డు అల్యూమినియంతో చేసింది కనుక ప్లగ్‌ను ఇంజను చల్లారాకే విప్పాలి. బిగింపుకు టార్క్ పానా వాడాలి. వాషరున్న 14 మి.మీ. ప్లగ్‌కు 25 నుండి 30 న్యూటన్-మీటర్లు, 12 మి.మీ. ప్లగ్‌కు 15 నుండి 20 న్యూటన్-మీటర్లు సాధారణ ప్రమాణాలు. కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. బిగింపు వదులైతే వేడి హెడ్డులోకి పోయే దారి తెగి, సరైన ప్లగ్ కూడా ‘వేడి ప్లగ్గు’లా ప్రవర్తిస్తుంది. అతిగా బిగిస్తే మర పోతుంది. ఇరీడియం కొనను గేజీతో గట్టిగా తాకించినా, దానికి ఆనించి గ్యాపు వంచినా విరిగిపోతుంది. సర్దవలసి వస్తే పక్క కడ్డీని మాత్రమే జాగ్రత్తగా కదిలించాలి.

7. నంద్యాల – ఆళ్లగడ్డ దారులకు అన్వయం:

నంద్యాల ఎండలు రాష్ట్రంలోనే తీవ్రమైనవాటిలో లెక్క. మే నెలలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం ఇక్కడ అరుదు కాదు. ‘మన ఎండకు చల్లని ప్లగ్గు వేయాలి’ అన్న వాదం ఈ నేపథ్యంలో సహజంగానే ఆకర్షిస్తుంది. కాని సిలిండర్‌లోని మంట 2000 డిగ్రీలు మించుతుంది. దానితో పోలిస్తే 30, 45 డిగ్రీల మధ్య ఉన్న తేడా ప్లగ్ కొనకు స్వల్పం. వేడిగాలి వల్ల నాకింగ్ అవకాశం పెరుగుతుందన్న మాట నిజం. టర్బో గాలిని నొక్కినప్పుడు అది మరింత వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని తగ్గిస్తుంది. మిగిలిన ప్రమాదాన్ని నాక్ సెన్సార్ గుర్తిస్తే కంప్యూటర్ నిప్పురవ్వను కొంచెం ఆలస్యం చేస్తుంది. ఎండకాలంలో కారు కాస్త మందగించినట్లు తోచడానికి ఇదే కారణం. దీనికి మందు ఇంటర్‌కూలర్, రేడియేటర్ శుభ్రత, మంచి పెట్రోలు. ప్లగ్ మార్పు కాదు.

ఎండ కంటే కారు తిరిగే దారి ముఖ్యం. ఈ ప్రాంతంలో మూడు రకాల దారులు కనిపిస్తాయి. మొదటిది పట్టణ వీధి. శ్రీనివాస సెంటర్, గాంధీచౌక్ వంటి చోట్ల ఆగి ఆగి, రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ప్లగ్ కొన కింది హద్దును చేరడమే కష్టం. అటువంటి కారులో సూచించినదాని కంటే చల్లని ప్లగ్ వేస్తే మసి పట్టడం ఖాయం. ఆ తరువాత మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చివేస్తుంది. ప్లగ్ ధర వందల రూపాయలలో ఉంటే కన్వర్టర్ ధర వేల రూపాయలలో ఉంటుంది. రెండవది శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సాగే జాతీయ రహదారి. నిలకడ వేగంలో కొన ఉష్ణోగ్రత రెండు హద్దుల నడుమ హాయిగా నిలుస్తుంది. వీధులలో పట్టిన కొద్ది మసి ఇక్కడ కాలిపోతుంది. వారానికొకసారి ఇటువంటి ప్రయాణం కారుకు మేలు చేస్తుంది.

మూడవది కొండదారి. నంద్యాల నుండి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్, ఆళ్లగడ్డ నుండి ఎగువ అహోబిలం ఎక్కుడు ఇందుకు ఉదాహరణలు. పై గేరులో ఉంచి, ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుండగా యాక్సిలరేటర్ బలంగా తొక్కడం ఇక్కడ పొరపాటు. చిన్న పరిమాణపు, నేరు చిమ్మకపు టర్బో ఇంజనులలో ఈ స్థితిలో ఆయిలు, పెట్రోలు కలిసిన తుంపరలు అంటుకొని ముందస్తు జ్వలనం కలగవచ్చు. దీనికి మూలం ప్లగ్ కాదు కనుక చల్లని ప్లగ్ దీన్ని ఆపలేదు. గేరు తగ్గించడం, కారు పుస్తకం సూచించిన స్థాయి ఆయిలు వాడడం పరిష్కారాలు. ఈ సమస్యను దృష్టిలో ఉంచుకొనే ఇంజను ఆయిళ్లకు 2018లో ‘ఎస్.ఎన్. ప్లస్’, 2020లో ‘ఎస్.పి.’ అనే ఎ.పి.ఐ. ప్రమాణాలు వచ్చాయి.

మరి ఒక మెట్టు చల్లని ప్లగ్ ఎప్పుడు అవసరం? ఇంజను కంప్యూటర్‌ను ‘రీమ్యాప్’ చేసి టర్బో పీడనాన్ని కర్మాగారం నిర్ణయించిన దానికంటే పెంచినప్పుడు. శక్తి 75 నుండి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు చల్లదనం అన్నది ఎన్.జి.కె. చెప్పే స్థూల సూత్రం. మార్పులేని కారుకు ఈ సూత్రం వర్తించదు.

8. షెడ్డు మాటలు – వృత్తిపదజాల దృష్టి:

మెకానిక్కుల వ్యవహారంలోని ‘మిస్సింగ్’, ‘పికప్’, ‘నాకింగ్’ వంటివి ఆంగ్లం నుండి వచ్చినా తెలుగు వాక్యంలో తెలుగు విభక్తులతో ఒదిగిపోయాయి. ‘మసి పట్టింది’, ‘తెల్లగా కాలింది’, ‘నూనె తడి ఉంది’ అన్నవి విప్పిన ప్లగ్‌ను చూసి చెప్పే నిదానవాక్యాలు. పొడి మసి పెట్రోలు ఎక్కువైందనో, కొన తగినంత వేడెక్కలేదనో చెబుతుంది. పింగాణీ తెల్లబడి బొబ్బలెక్కితే కొన అతిగా వేడెక్కిందని అర్థం. నూనె తడి పిస్టన్ రింగుల వైపో, వాల్వుల వైపో, టర్బో వైపో చూడమంటుంది. లేత గోధుమ రంగు ఆరోగ్య లక్షణం. రోగికి నాలుక ఎటువంటిదో ఇంజనుకు ప్లగ్ అటువంటిది. ఈ మాటలు సూక్ష్మమైనవి, పనికి సరిపోయేవి.

చిక్కు వచ్చింది అనువాద పదాల దగ్గరే. ‘వేడి’, ‘చల్లని’ అన్న విశేషణాలను ఆంగ్ల పదబంధం నుండి యథాతథంగా తెచ్చుకొన్నాం. తెలుగులో ‘చల్లని’ అన్నది హితవును, శాంతినీ కూడా ధ్వనిస్తుంది. వైద్య వ్యవహారంలో ‘వేడి చేసింది’ అంటే దోషమని, ‘చలవ చేస్తుంది’ అంటే మేలని అర్థం. ఈ ధ్వని ప్లగ్ పేరుకూ అంటుకొని, ‘చల్లనిది ఎప్పుడూ మంచిదే’ అన్న అభిప్రాయానికి బలమిస్తుంది. అందువల్ల పనిని బట్టి పేరు పెట్టడం ఉచితం. ‘వేడి నిలిపే ప్లగ్గు’, ‘వేడి వదిలే ప్లగ్గు’ అన్న జంటను ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఈ మాటలు విన్నవారికి ‘ఎక్కడి వేడి? ఎక్కడికి వదులుతుంది?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నలోనే సరైన అవగాహనకు దారి ఉంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు, తరువాతిది చేనేత పదాలకు చెందినవి. పనిచేసేవారి నోటి నుండే పదం సేకరించాలన్నది ఆ కృషిలోని మూలసూత్రం. మోటారు షెడ్డుకూ ఆ సూత్రాన్ని అన్వయిస్తే ఏ ఆదాన పదం పనికి సరిపోతున్నది, ఏది పొరపాటుకు దారితీస్తున్నది అన్న వివేచన సాధ్యమవుతుంది. వృత్తివిద్యా పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, అనువదించేవారికీ అది నేరుగా ఉపయోగిస్తుంది.

9. ఎంపిక క్రమం:

పై చర్చను ఆచరణ క్రమంలో ఇలా కూర్చవచ్చు.

• కారు పెట్రోలు టర్బోయేనని, ఇంజనులో మార్పులేవీ చేయలేదని నిర్ధారించుకోవాలి.
• కారు పుస్తకంలోని ప్లగ్ సంకేతాన్ని పూర్తిగా రాసుకోవాలి. పాత ప్లగ్ మీది సంకేతాన్ని మాత్రమే నమ్మరాదు. అంతకుముందే ఎవరైనా మార్చి ఉండవచ్చు.
• మర వ్యాసం, పొడవు, అంచు తీరు సరిపోవాలి. తరువాత ఉష్ణశ్రేణి, ఆపై గ్యాపు, చివర లోహం చూడాలి.
• వేరే కంపెనీ ప్లగ్ అయితే సరిపోలిక పట్టికను సంప్రదించాలి, అంకెను పోల్చరాదు.
• అన్ని సిలిండర్ల ప్లగ్గులనూ ఒకేసారి మార్చాలి. పెట్టె, ముద్రణ, కొన సన్నదనం పరిశీలించి నకిలీ కాదని రూఢి చేసుకోవాలి.
• విప్పిన ప్లగ్గులను సిలిండర్ వరుసలో పెట్టి, రంగు చూసిన తరువాతే పారవేయాలి.

10. ముగింపు:

1. టర్బో ఇంజను ప్లగ్ మీద వేడి, పీడనం అనే రెండు భారాలను పెంచుతుంది. ఉష్ణశ్రేణి మొదటిదానికి, గ్యాపు రెండవదానికి సమాధానాలు.
2. ‘వేడి’, ‘చల్లని’ అన్న విశేషణాలు ప్లగ్ వేడిని వదిలే వేగాన్ని తెలుపుతాయే గాని నిప్పురవ్వ స్వభావాన్నీ, ప్లగ్ నాణ్యతనూ తెలుపవు.
3. నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతపు ఎండ సూచించిన ప్లగ్‌ను మార్చడానికి తగిన కారణం కాదు. పట్టణంలో స్వల్ప దూరాలు తిరిగే కారుకు చల్లని ప్లగ్ మేలు కంటే కీడే చేస్తుంది.
4. కొండదారిలో కలిగే ముందస్తు జ్వలనానికి గేరు, ఆయిలు పరిష్కారాలు.
5. ‘వేడి నిలిపే ప్లగ్గు’, ‘వేడి వదిలే ప్లగ్గు’ అన్న పేర్లు పనిని చెబుతాయి కనుక వివరణకు, బోధనకు అనుకూలం. సాంకేతిక పదానికి తెలుగు కూర్చేటప్పుడు మూలపదంలోని విశేషణాన్ని గాక, వస్తువు చేసే పనిని అనుసరించడం క్షేమకరమని ఈ ఉదాహరణ నిరూపిస్తున్నది. ఇక్కడ పదం తప్పితే నష్టపోయేది వాక్యం ఒక్కటే కాదు, పిస్టన్ కూడా.